రేవు డోలు

నాకు ముక్కు మీద కోపమని మా అమ్మ దగ్గర్నుంచి కాలేజీ ప్రిన్సిపాలు దొరగారి దాకా అందరూ అన్నవాళ్లే. అంటే అన్నారు, నాకేం? కానీ ఆ ఏడు మా విద్యార్థి వాద్యబృందంలో అంతమంది ఉండగా, "మాస్టారండీ, ఇది మంచిది కాదండీ" అని నోరు తెరిచి చెప్పింది ఈ కోపిష్టిదే. విన్నవాళ్లు విన్నారు, నవ్వినవాళ్లు నవ్వారు. పట్టించుకున్న పుణ్యాత్ముడు ఒక్కడు లేడు.

అది పందొమ్మిదివందల ముప్ఫై ఆరు. ఏలూరులో మేం చదివే మిషను కాలేజీలో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నేను ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం, మా తమ్ముడు తోమా మొదటి సంవత్సరం. మాది కొల్లేరు నడుమ మొగిలిలంక. మా నాన్న ఏసోబు వారమంతా చేపలు పట్టేవాడు, ఆదివారం ప్రార్థన పాకలో గంట కొట్టేవాడు. మిషను బోర్డింగే లేకపోతే మా ఇద్దరికీ దోనె నడపడం తప్ప మరో విద్య అబ్బేది కాదు.

బృందాన్ని నడిపేది సంగీతం మాస్టారు సీతారామాంజనేయులు గారు. ఫిడేలు విద్వాంసుడు. ఎంత మెత్తని మనిషంటే విద్యార్థుల్ని కూడా "అండీ" అనేవారు. క్లాసులో బల్ల కింద పడుకున్న కుక్కని లేపడానికి కూడా "లేవండీ, లేవండీ" అన్నారని మేం చెప్పుకుని నవ్వేవాళ్లం. అయితే సాధన దగ్గర మాత్రం ఆయనకి ఒకే ఒక్క చట్టం ఉండేది.

"కళ్లు నా చేతి మీద ఉండాలండీ. నా చెయ్యి లేచిందా, ఫిడేలు లేదు, ఫ్లూటు లేదు, గొంతు లేదు. మీ ఊపిరి కూడా ఆగిపోవాలి. చెయ్యి చూడకుండా వాయించేవాడు ఎంత వాయించినా సంతలో వాయించినట్టే."

చూడనివాణ్ణి ఆయన తిట్టేవారు కాదు. మొదటి నుంచి మళ్లీ అందరి చేతా వాయింపించేవారు. ఒకడి తప్పుకి అందరూ అలిసిపోయేవాళ్లు. అందుకని ఎవడికి వాడే జాగ్రత్తపడేవాడు. దసరా సెలవులు అయ్యేసరికి ఆయన చెయ్యి లేవడం, మా చేతులు ఆగడం వేరువేరు పనులుగా ఉండేవి కావు.

ఆ ఏడు యూనివర్సిటీ వారు ఒక కబురు పంపారు. అనుబంధ కాలేజీల్లోని విద్యార్థి బృందాలన్నీ విని, ఒక్కదాన్ని స్నాతకోత్సవంలో వాయించడానికి ఎంచుకుంటారట. వినడానికి జనవరిలో పెద్దలు వస్తారట. మాస్టారి ముఖం చూడాలి ఆ రోజు! పెళ్లికొడుకు కూడా అంత వెలగడు. ఇన్నేళ్లుగా పట్నం విద్వాంసులెవరూ తన్ని గుర్తించలేదన్న బాధ ఆయన గుండెల్లో ఉండేది. బయటికి అనేవారు కాదు గాని మాకు తెలుసు.

తోమా అప్పటికి బృందంలో లేడు. నా కోసం హాలు బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తుండేవాడు. ఓ సాయంత్రం ఊసుపోక బెంచీ చెక్క మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. మాస్టారు ఫిడేలు దించి, చెవి అటు పెట్టి, గబగబా బయటికి వెళ్లారు.

"ఏమిటండీ అది? ఏ తాళం?"

తోమా లేచి నిలబడి బిక్కమొహం వేశాడు. "తాళం కాదండీ. మా రేవు డోలు దెబ్బండి."

"రేవులో డోలు ఎందుకండీ?"

"మంచు పడితే దోనెలో ఉన్నవాడికి తన చెయ్యి తనకే కనపడదండి. ఒడ్డెటో తెలీదు. అందుకని రేవులో డోలు కొడతామండి. ఆ చప్పుడు పట్టుకుని అందరూ వచ్చేస్తారు. చిన్నప్పట్నుంచీ నేనే కొట్టేవాణ్ణండి."

"మరి మధ్యలో ఆపేస్తే?"

"ఆగకూడదండి. ఆగిందంటే మాత్రం దోనె కదలకూడదండి. ఉన్నచోటే గెడ బురదలో దించేసి, మళ్లీ మోగేదాకా అలా నిలబడిపోవాలి. చప్పుడు లేకుండా కదిలినవాడు కిక్కిస గడ్డిలో పడి దారి తప్పిపోతాడండి."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. "అబ్బ!" అన్నారు. "డోలు ఆగితే కొల్లేరంతా ఆగుతుందన్నమాట."

ఆయనకి మంచి ఆలోచన వచ్చినప్పుడల్లా గొంతు అలా సన్నబడిపోయేది. అది సంగీతానికి మంచిదే. మా రేవుకి మంచిదని నాకు అనిపించలేదు.

వారం తిరక్కుండా ఆయన తోమాని బృందంలో చేర్చుకుని, తన చెయ్యి చూడటం వాడికీ నేర్పి, ఒక స్వాగత గీతం కట్టారు. ముందు డోలు ఒంటరిగా మొదలవుతుంది, ఫిడేళ్లు దాని చుట్టూ చేరతాయి, ఫ్లూటు పైకి లేస్తుంది, అన్నీ కలిసి పొంగుతాయి. అప్పుడు మాస్టారి చెయ్యి లేస్తుంది. అంతా ఆగిపోతుంది. వినేవాళ్లు ఏమైందోనని తలెత్తేంత సేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి మా గొంతులు లేస్తాయి. నిజం చెప్పొద్దూ, అది చాలా గొప్పగా ఉండేది. మొదటిసారి విన్నప్పుడు నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ వెంటనే భయం కూడా వేసింది.

"మాస్టారండీ, ఆ దెబ్బ ఆటకి కొట్టేది కాదండి. దాన్ని మధ్యలో ఆపడం మా వాళ్లు వింటే ఒప్పుకోరండి" అన్నాను.

"ఏలూరులో ఆపితే కొల్లేరులో ఏమవుతుందండీ సుగుణగారూ?" అన్నాడు హనుమంతరావు. బృందానికి సెక్రటరీ అతను. మొదటి ఫిడేలు. తలకి పట్టించిన నూనెతో మా బోర్డింగంతా దీపాలు పెట్టుకోవచ్చు. అందరూ ఘొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ అతను అన్నదాంట్లో అబద్ధం లేదు గనక నోరు మూసుకున్నాను.

కాలేజీలో ఉన్న డ్రమ్ముతో మాస్టారికి తృప్తి కలగలేదు. ఆ గొంతే కావాలన్నారు. సాక్షాత్తూ రేవు డోలే కావాలన్నారు. తోమాని తీసుకుని మొగిలిలంక వెళ్లి మా నాన్నని అడిగారు. ఆ డోలు సంగతి చెప్పాలి. మిషను దొరలు మా పేటలో డప్పులూ డోళ్లూ అన్నీ మాన్పించారు గాని ఈ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఎందుకంటే ఒకప్పుడు మంచులో దారి తప్పిన దొరగారి పడవే దాని చప్పుడు పట్టుకుని ఒడ్డెక్కింది. లంకలో హిందువులూ మేమూ ఎన్నిటికి పోట్లాడుకున్నా, ఆ డోలు అందరిదీ. అది మా ఇంట్లో ఉండేది.

నాన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, పొంగిపోయాడు. "మావాడు యూనివర్సిటీవాళ్ల ముందర కొడతాడంటండీ" అని లంకంతా తిరిగి చెప్పొచ్చాడు. అమ్మ మరియమ్మ మాత్రం డోలు పడవెక్కుతుంటే గట్టు మీద నిలబడి, "మంచు రోజులు రాకముందే తెచ్చి ఇచ్చేయండి బాబూ" అంది. మాస్టారు చేతులు జోడించి, "తప్పకుండా అండీ" అన్నారు.

తెచ్చి ఇవ్వలేదు. ఈ వారం, వచ్చే వారం అంటూ జరిపారు. క్రిస్మసుకి మేం ఇంటికెళ్లేసరికి తెల్లారగట్ల మంచు దిగడం మొదలైంది. అమ్మ రేవులో నిలబడి ఇత్తడి పళ్లెం గరిటెతో కొడుతోంది. ఆ చప్పుడు పళ్లెం అంచు దాటి పోవడం లేదు. వెంకట్రాజు అని మా పక్కింటి అతని దోనె ఆ ఉదయం దారి తప్పి, పొద్దెక్కి మంచు కరిగాక గాని రాలేదు. అతని పెళ్లాం అంతసేపూ మా గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆమె ఏమైనా తిడితే బాగుండునని నాకనిపించింది.

"నాన్నా, ఆ డోలు తెప్పించేయి. నువ్వొక్క మాటంటే మాస్టారు ఇచ్చేస్తారు" అన్నాను.

"ఇంకెన్నాళ్లు తల్లీ, ఆ పెద్దలు రానే వస్తున్నారుగా. మనూళ్లోనేనంట వాయించడం. డోలు దాని కాళ్ల మీద అదే వచ్చేస్తంది" అని నవ్వాడు నాన్న.

నిజంగానే అలా కుదిరింది. యూనివర్సిటీ పెద్దలకి కొల్లేరులో బాతుల వేట చూపించాలని ప్రిన్సిపాలు దొరగారు సంకల్పించారు. వాళ్లు కైకలూరు బంగళాలో బస చేసి, ఉదయాన్నే ఒక జమీందారుగారి మోటారు లాంచీలో మొగిలిలంకకి వస్తారు. రేవులో మేం స్వాగతం వాయించాలి. ఆ తర్వాత భోజనాలు. భోజనాలకి కొరమీను కావాలని నాన్నకే పురమాయించారు.

ముందురోజు సాయంత్రమే బృందమంతా లంక చేరింది. డోలు మా ఇంటికొచ్చింది. నాన్న దాన్ని తడిమి తడిమి చూసుకున్నాడు. తెల్లారకుండా దోనెలు కదిలేటప్పుడు మిగతావాళ్లతో, "ఇయ్యాళ భయం లేదర్రా. మంచు పడితే మన డోలు మన రేవులోనే ఉంది. మావాడే కొడతాడు" అన్నాడు. ఆకాశం తేటగా ఉంది. గెడలు వేసుకుంటూ అందరూ హుషారుగా వెళ్లిపోయారు. నాన్న వెనక్కి తిరిగి, "అమ్మాయ్, గట్టిగా పాడు. నీళ్ల మీద నాకు వినపడాలి" అని అరిచాడు.

తెల్లవారింది. హనుమంతరావు రేవులోకి వచ్చి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. మా రేవులో ఎండుచేపల వాసన వస్తుంది. రేవన్నాక రాదా మరి! ఈ కంపులో పెద్దల్ని ఎలా దింపుతామన్నాడు. మాస్టారికి కూడా అది సబబుగానే తోచింది. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు ఒకటి ఉంది మా దగ్గర, గేదెల్ని దాటించడానికి. దాని మీద జంపఖానా పరిచి, మామిడాకులు కట్టి, బృందాన్నంతటినీ ఎక్కించి, పడవదారి మొగ దగ్గరికి తోసుకుపోదాం అన్నారు.

పడవదారి అంటే కిక్కిస కోసి బాట చేసిన నీటి దారి. రెండు పక్కలా నిలువెత్తు గడ్డి. కైకలూరు నుంచి వచ్చే లాంచీ అయినా, చేపలకి వెళ్లి వచ్చే దోనె అయినా అందులోంచే రావాలి. అది మొదలయ్యే మొగ రేవుకి కేక వేస్తే మాట తెలియనంత దూరం.

"అయ్యో, అలా వద్దండీ! డోలు రేవులో ఉంటుందని చెప్పుకుని వెళ్లారండీ మా వాళ్లు. చోటు మారిస్తే వాళ్లకెలా తెలుస్తుందండీ?" అన్నాను.

"మంచెక్కడుందండీ? ఎండ వస్తుంటేనూ!" అన్నాడు హనుమంతరావు.

"సూర్యుడు పైకి లేచేటప్పుడే దిగుతుందండీ అది. మీకు తెలియకపోతే తెలిసినవాళ్లని అడగండి."

"సుగుణమ్మగారూ," అన్నారు మాస్టారు, ఎప్పటిలాగే మెత్తగా, "మీరు పాట మీద మనసు పెట్టండమ్మా. ఈ ఒక్కరోజూ."

ఆ మనిషి మీద అరవలేకపోయాను. అమ్మకి మాత్రం సంగతి చెప్పి పంటు ఎక్కాను. అమ్మ ఇంట్లోకెళ్లి ఇత్తడి పళ్లెం తెచ్చుకుని రేవులో నిలబడింది.

పంటు మొగ దగ్గర లంగరు వేసేసరికి గడ్డి కొసలు కనపడటం మానేశాయి. తర్వాత మామిడాకులు కనపడలేదు. ఆ తర్వాత పంటు అవతలి అంచున కూర్చున్న ఫ్లూటు కుర్రాడు కనపడలేదు. తెల్లగా, చల్లగా, చప్పుడు లేకుండా దిగిపోయింది మంచు. జంపఖానా తడిసింది. ఫిడేలు తీగలు సడలిపోయాయి. అందరూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఈ మంచులో లాంచీ రాదండీ. కైకలూరులోనే ఆగి ఉంటారు" అన్నారు మాస్టారు. ఆ మాటలో నిరాశ, ఊరట రెండూ ఉన్నాయి.

దూరంగా అమ్మ పళ్లెం చప్పుడు వినపడీ వినపడనట్టు వస్తోంది. తోమా నా వైపు చూశాడు. వాడి ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, నాన్నావాళ్లు లోపల ఉన్నారు. కొట్టనా, మాననా? కొడితే రేవనుకుని ఇటే వచ్చేస్తారు."

నేను ఆలోచించాను. కొట్టకపోతే వాళ్లు నీళ్ల మీద గుడ్డిగా తిరగాలి. కొడితే ఇక్కడికి వస్తారు. వచ్చినవాళ్లని పంటు పక్కకి లాగేసి ఉంచితే సరిపోతుంది. లాంచీ ఎలాగూ రాదంటున్నారు. "కొట్టరా, కానీ ఆపకు. ఏం జరిగినా ఆపకు" అని చెప్పాను. మాస్టారి వైపు తిరిగి, "మీరు కూడా మాటివ్వాలండి. ఇవాళ మధ్యలో ఆపు లేదు" అన్నాను.

"లేదండీ. నా మాట. ఇవాళ ఆపేదే లేదు" అన్నారాయన. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ సంగతి నేను ఎవరి ముందైనా చెబుతాను.

తోమా మొదలుపెట్టాడు. ఏలూరు హాల్లో విన్న డోలు కాదది. నీళ్ల మీద ఆ దెబ్బ నడుచుకుంటూ వెళ్లింది. కొంతసేపటికి మంచులోంచి గెడ నీళ్లలో పడే చప్పుడు, ఆ తర్వాత ఒక దోనె మొన బయటికొచ్చింది. వెంకట్రాజు! "ఇదేంట్రా, రేవేది?" అని తెల్లబోయాడు. చెయ్యందించి అతన్ని పక్కకి లాగాం. మరొకరు వచ్చారు. ఇంకొకరు వచ్చారు. మాస్టారికి ఉత్సాహం వచ్చింది. కుర్రాళ్ల వణుకు తీరుతుందని ఫిడేళ్లని కూడా ఎత్తుకోమన్నారు. పాట మొత్తం మొదలైంది. డోలు చుట్టూ ఫిడేళ్లు చేరాయి, ఫ్లూటు లేచింది. వచ్చినవాళ్లు దోనెల్లోనే చతికిలబడి నోళ్లు తెరుచుకుని విన్నారు.

"నాన్న ఎక్కడ?" అని వెంకట్రాజుని అడిగాను.

"వస్తన్నాడమ్మా. కుర్రోళ్ల దోనెలు ఇంకా లోనే ఉన్నాయి. ఆళ్లని ఎంటబెట్టుకొస్తన్నాడు."

అప్పుడు వినపడింది మోటారు. మొదట దోమ మూలిగినట్టుంది. తర్వాత గట్టిగా, మరీ గట్టిగా. లాంచీ ఆగలేదు. బయల్దేరింది. పాట విని, డోలు చప్పుడు పట్టుకుని, పడవదారిలోంచి నేరుగా మా మీదికి వస్తోంది. పెద్దలకి మధ్యాహ్నం రైలుందట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

"లాంచీ! దారిలో మావాళ్లున్నారు!" అని గొంతు చించుకుని అరిచాను. వెంకట్రాజూ వాళ్లూ లేచి నిలబడి "హోయ్, హోయ్" మని కేకలు పెట్టారు. తోమా పళ్లు బిగించి కొడుతున్నాడు. కొడుతూనే ఉన్నాడు. అదే మంచిది. చప్పుడు ఉంటే నాన్న వచ్చేస్తాడు, లాంచీ కన్నా ముందే ఈ పక్కకి వచ్చేస్తాడు. దగ్గర్లోనే ఉన్నాడు, నాన్న గెడ చప్పుడు నాకు తెలుసు. నీళ్లలో పడుతోంది, లేస్తోంది, పడుతోంది. ఇంకాస్త. ఇంకొక్క కాస్త.

మాస్టారు ఇటు చూడటం లేదు. ఆయన ముఖం మోటారు చప్పుడు వైపు తిరిగి ఉంది. ఇన్నేళ్లుగా ఎదురుచూసినవాళ్లు వచ్చేస్తున్నారు. పాట పొంగింది. పొంగే చోటికి వచ్చింది. ఆయన చెయ్యి లేచింది.

ఆయన ఎత్తారని నేనివాళ్టికీ అనలేను. లేచింది, అంతే. ఫిడేళ్లు ఆగిపోయాయి. ఫ్లూటు ఆగిపోయింది. తోమా చెయ్యి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో నాకు వినపడింది. మంచులో, మాకు దాదాపు చెయ్యందేంత దగ్గర్లో, గెడ బురదలో దిగిన చప్పుడు. దాని వెనక మరొకటి. ఆ వెనక ఇంకొకటి. డోలు ఆగింది, అందరూ ఆగారు. మా నాన్న నేర్పినట్టే, వాళ్ల నాన్నలు నేర్పినట్టే, నాన్న పడవదారి నడిబొడ్డున, కుర్రాళ్లు వెనకగా గడ్డి వారన గెడలు దించి కదలకుండా నిలబడ్డారు.

"కొట్టరా!" అని అరిచాను. నా అరుపు మీద మా బృందం గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. సాధన చేసినట్టే, అంత చక్కగా, స్వాగతం పాడుతూ.

పాట రెండో చరణానికి పోలేదు. చెక్క విరిగిన చప్పుడు వచ్చింది. అంత పెద్దదేం కాదు. తాటిదోనె చప్పుడు ఎంతుంటుంది? ఆ వెంటనే లాంచీ గడ్డిలోకి దూసుకుపోయి, మోటారు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. లోపల్నుంచి ఎవరో ఇంగ్లీషులో అరుస్తున్నారు. నాన్న గొంతు మాత్రం లేదు.

వెంకట్రాజు నీళ్లలోకి దూకాడు. మరో ఇద్దరు దూకారు. నేను పంటు అంచున పడి, "నాన్నా, నాన్నా" అంటున్నాను. నా పక్కన మాస్టారు తన చేతిని తానే చూసుకుంటూ నిలబడ్డారు. మంచులోంచి ఒక కుర్రాడి గొంతు సన్నగా వచ్చింది.

"డోలు! డోలు ఆగిపోయింది! మేం ఇక్కడున్నాం! ఎటు రావాలి?"

వాళ్లు ఇంకా గెడలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. నాన్న వెంటబెట్టుకొస్తున్న కుర్రాళ్లు.

తోమా నీళ్ల వైపు ఒక్కసారి చూశాడు. దూకుతాడనుకున్నాను. దూకలేదు. డోలు పుల్ల ఎత్తాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

నా తమ్ముణ్ణి ఆ క్షణంలో అసహ్యించుకున్నాను, దేవుడు నన్ను క్షమించు గాక. నాన్న నీళ్లలో ఉంటే వీడు డోలు కొడుతున్నాడని. మరుక్షణంలో తెలిసింది. వాడు ఆపితే ఆ కుర్రాళ్లకి దిక్కెవరు? వాడు కొడుతున్నాడు, కళ్ల నీళ్లు గడ్డం మీంచి డోలు చర్మం మీద పడుతున్నాయి, దెబ్బ మాత్రం తప్పడం లేదు. మంచులోంచి ఒక్కొక్క దోనే విరిగిన చెక్కల మధ్యనుంచి బయటికొచ్చింది. దేవదానం అనే పిల్లవాడు నాన్న తలపాగా తన గెడకి చిక్కితే పట్టుకొచ్చి, ఎవరికివ్వాలో తెలియక చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆఖరి దోనె వచ్చింది. తోమా ఆపలేదు.

"వచ్చేశార్రా అందరూ. ఇంక ఆపు" అన్నాను. వాడు నా వైపు చూడలేదు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి, "ఆపండి బాబూ" అన్నారు. వాడు ఆయన చేతుల వైపు కూడా చూడలేదు. హనుమంతరావు పుల్ల లాక్కోబోతే విదిలించి కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. ఎందుకాపడం లేదో మా లంక వాళ్లందరికీ తెలుసు. ఇంకా ఒక మనిషి రావాలి. నీళ్ల మీద మనిషి ఉండగా డోలు ఆపకూడదు.

మంచు పలచబడేసరికి అమ్మ వచ్చింది, ఎవరి దోనెలోనో, ఒళ్లో ఇత్తడి పళ్లెంతో. అప్పుడే వెంకట్రాజు వాళ్లు నాన్నని పైకి తెచ్చారు. పంటు మీద, తడిసిన జంపఖానా మీద పడుకోబెట్టారు. అమ్మ ఆయన ముఖం మీది బురద కొంగుతో తుడిచింది. ఏడవలేదు. లేచి తోమా దగ్గరికి వెళ్లి, వాడు కొడుతున్న డోలు మీద అరచెయ్యి ఆనించింది. పుల్ల ఆమె వేళ్ల మీద పడింది. అయినా చెయ్యి తియ్యలేదు.

"ఇంక చాలు నాయనా. అందరూ ఒడ్డెక్కారు. మీ నాన్న కూడా వచ్చేశాడు" అంది.